అరుగుదల

అల్లూరు బ్యాంకులో మెట్ల కింద నా బల్ల.
బల్ల మీద అద్దాల పెట్టెలో తక్కెడ,
గాలి తగిలితే చాలు మిల్లీగ్రాములు అబద్ధమాడతాయి.
పక్కన నల్లరాయి. మా నాయన చేతిది.

పొద్దున పది కాకముందే రేటు చూసుకుంటాను.
రాత్రి ఏదో జలసంధిలో నూనె ఓడ తగలబడిందట.
ఆ పొగ ఇంత దూరం రాలేదు గానీ
పెట్రోలు బంకు బోర్డు మీద అంకెలు మారాయి,
బంగారం గ్రాముకి నూట పదకొండు లేచింది.
మేనేజరు గారు బల్ల కింద ఫోను పట్టుకుని
ఎర్రగీత దిగుతుంటే దాంతోపాటే
కుర్చీలో కొంచెం కొంచెం కిందికి జారుతున్నారు.

లోకానికి గుండె జారిన రోజే నాకు గిరాకీ.
సంచికి ఇంతని నా కూలి.
ఈ నెల బాగానే ఉందని ఇంట్లో చెప్పడానికి నోరు రాదు.

పదకొండున్నరకి ఇసకపల్లి చెంగమ్మ వచ్చింది.
రొయ్యల గుంట బురద కాళ్ల మీద ఎండి తెల్లగా పగిలింది.
మెడలో సరుడు తీసి పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఈ సరుడు నా తక్కెడెక్కడం ఇది మూడోసారి.
పాత పుస్తకం తిప్పాను.
మొదటిసారి ఇరవైనాలుగు గ్రాముల మూడొందల పది.
తర్వాత ఇరవైనాలుగు నూట తొంభై.
ఇవాళ ఇరవైనాలుగు మీద అరవై, అంతే.
బరువు చిక్కింది, వెల బలిసింది.

"నా కంటే నా సరుడే బాగా సంపాదిస్తా ఉండాది గదబ్బయ్యా"
అని నవ్వింది.

లక్షా యాభై ఎనిమిది వేలొస్తుందన్నాను.
వడ్డీ పోయినేటి కంటే అర శాతం ఎక్కువన్నాను.
గోడకేసి చూస్తూ వేళ్ల కణుపుల మీద లెక్కేసుకుంది.
మేత అంగడి మస్తానయ్యకి లక్షా పదమూడు,
పోగా రెండు డ్రమ్ముల డీజిలు, మెకానిక్కి కాస్త.
రాత్రికి నలభై లీటర్లు తాగుద్ది జనరేటరు.
పది రాత్రులు.
పది రాత్రులు రొయ్యలు ఊపిరి పీల్చుకుంటాయి.
ఆపైన వంద కౌంటు రేటన్నా పెరగాలి,
కరెంటన్నా పోకుండా ఉండాలి,
పేరు తెలియని ఆ సముద్రంలో
ఎవరో ఎవరితోనో రాజీ అన్నా పడాలి.

"అయినా ఎందుకబ్బయ్యా బంగారం ఇట్టా పెరిగేది?"
"భయమమ్మా. యాడన్నా యుద్ధమొచ్చినా, ధరలు మండినా
డబ్బుండే వాళ్లు షేర్లు అమ్ముకుని బంగారంలో దాక్కుంటారు."
కాసేపు నా మొహమే చూసింది.
"వాళ్లు దాక్కునేది నా సరుడులోనా?
మరి బోసిపోయేది నా మెడ గదా."

జవాబు తట్టక సరుడు తీసి రాయి మీద గీశాను.
పచ్చటి సన్న గీత.
మెడ చెమట తినగా, గుంట ఉప్పునీళ్లు తినగా
మిగిలినదాంట్లో ఇంకో రవ్వ నా రాయి తినింది.
ఎన్నూళ్ల మెడలు ఈ రాయి మీద,
గోగులపల్లెవి, బిట్రగుంటవి,
మా ఇంట్లో ఆవిడది కూడా ఒకటి, ఎప్పటిదో.
ఆసిడ్ చుక్క వేశాను. గీత కదల్లేదు.
మేలిమి, అని రాశాను.

చెంగమ్మ వేలిముద్రకని చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని,
పెన్ను అడిగి పేరు రాసింది,
ఒక్కో అక్షరం వంగి నాటు వేసినట్టు.
డబ్బు లెక్కపెట్టుకోలేదు.
డీజిలు రేటు సాయంత్రానికి మళ్లీ మారుద్దేమోనని
ఎండలో పడి పోయింది.

తర్వాత నాలుగో రాత్రి, ఊరంతా కరెంటు పోయింది.
గుంటల వైపు నుంచి జనరేటర్లు
ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయి.
అన్నీ ఒకలాగే మోగుతాయి. ఏది ఎవరిదో ఎట్టా తెలిసేది?
అయినా చెవి అటే పడేసి పడుకున్నాను.
"చీకట్లో ఏం లెక్కేస్తుండావు?" అంది మా ఆవిడ
విసనకర్ర ఆపకుండానే.
ఆరు, అన్నాను.