నూట నలభైమూడో పట్టీ

జ్లీన్ ఊరి చివర, ఒకప్పుడు బూట్లకు అడుగులు అతికించిన
ఎర్ర ఇటుకల షెడ్డులో పన్నెండు ఇనప చట్రాలు.
ఒక్కో చట్రానికి ఒక్కో పలచని ప్లాస్టిక్ పట్టీ,
దాన్ని కిందికి లాగుతూ ఇత్తడి తూకం.
కొత్తగా వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి చూసి
ఇక్కడేమీ జరగడం లేదే అంటారు.
నిజమే. మేం కొలిచేది అదే.

మొదటి రోజు మాత్రం హడావిడి.
నిమిషానికి, రెండుకి, ఐదుకి, పదికి
జ్దిస్లావా ముల్లు చదువుతుంది.
తర్వాత గంటకోసారి. తర్వాత పొద్దుటిపూట ఒక్కసారి.
ఆపైన వారాలు, నెలలు.
లాగరిథమ్ కాగితం మీద
ఒకటో నిమిషం నుంచి పదో నిమిషం దాకా ఎంత జాగానో
ఒకటో ఏడు నుంచి పదో ఏడు దాకా అంతే.
ఆ కాగితానికి అలవాటు పడ్డాక
ఇంట్లో గోడ గడియారం
అబద్ధాలకోరులా కనిపిస్తుంది.

తూకం దించడం ఆమె పని. ఎవర్నీ ముట్టుకోనివ్వదు.
పొంగబోయే పాల మీంచి మూత తీసినట్టు దించుతుంది.
"కుదుపు తగిలిందా, అది నీ చేతిని గుర్తు పెట్టుకుంటుంది.
నాకు కావలసింది దాని సంగతి, నీ సంగతి కాదు."

నాది మేడ మీద పని.
తెర మీద స్ప్రింగులూ డాంపర్లూ పేర్చడం.
స్ప్రింగు మాట మీద నిలబడుతుంది:
బరువు తీయగానే వెనక్కొస్తుంది.
డాంపరు తేనెలో దిగబడిన చెంచా,
వెళ్ళిందంటే వెళ్ళినట్టే.
రెంటినీ పక్కపక్కన బిగిస్తే
మొహమాటపడుతూ లొంగి
మొహమాటపడుతూనే తేరుకునే మనిషి.
ఒక జత చాలదు. మూడూ చాలలేదు.
ఐదు జతలు కట్టాక
చుక్కలన్నీ నా గీత మీద కూర్చున్నాయి,
నూట నలభైమూడో పట్టీవి తప్ప.

రెండువేల ఆరొందల గంటల దగ్గర
గీత ఉన్నట్టుండి ఓ మెట్టెక్కింది.
కాస్త దిగింది. పూర్తిగా దిగలేదు.
ఒక్క చుక్కే అయితే చెరిపేసేవాణ్ణి,
దాని తరవాతివన్నీ పైమెట్టు మీదే నడుస్తున్నాయి.
ఆరో జత కట్టాను. మెట్టు పోలేదు,
బాగున్నదంతా చెడింది.

మూడు వారాల తర్వాత కిందికి దిగాను.
ఆమె నీలం అట్ట పుస్తకం తీసింది. పెన్సిలు రాత.
గంట, ముల్లు, ఉష్ణోగ్రత. ఇరవైమూడు, ఇరవైమూడు, ఇరవైమూడు.
అంచున చీమంత అక్షరాలు:
"ఒతాకర్ వీడ్కోలు. 143 తూకం మీద ఎవరో సీసా పెట్టారు.
ప్లమ్ సారా, మూత తీయనిది. 1,240 గ్రాములు.
సాయంత్రం ఐదుం పది నుంచి తొమ్మిదిన్నర దాకా."

తూచిందట! పద్దెనిమిది మంది పాడుతుంటే
సీసాని పక్క గదికి తీసుకెళ్ళి తూచింది.
"నాకు చెప్పొచ్చు కదా!"
"రాశాను కదా. నువ్వు అంకెల గళ్ళు మాత్రమే పట్టుకెళ్ళావు."

మేడెక్కి బరువుల వరసలో
ఆ నాలుగు గంటల ఇరవై నిమిషాలు చేర్చాను.
మోసిన ప్రతి బరువూ విడిగా పలుకుతుంది,
అన్ని గొంతులూ కలిస్తే ఇవాళ్టి పొడవు.
ఇంత చదువుకున్నవాణ్ణి,
ఒక సీసా గొంతు వినలేకపోయాను.
ఐదు జతలే. గీత మెట్టెక్కింది, కాస్త దిగింది,
చుక్కల్ని ఒరుసుకుంటూ సాగిపోయింది.

నివేదికలో "అదనపు బరువుకు కారణం" అని ఒక గడి.
చాలాసేపు ఖాళీగా ఉంచి
ఒతాకర్ అని రాశాను.
ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ చట్రాలకు నూనె పెట్టినవాడు
తూకమేదో బల్లేదో తెలియక పెట్టి ఉంటాడా?
అదే అడిగాను జ్దిస్లావాని. జవాబు లేదు.
ముల్లు చదువుకుంటోంది.

పట్టీ ఇంకా వేలాడుతూనే ఉంది. ముప్ఫై ఒక్క వేల గంటలు.
వచ్చే వసంతంలో ఆమె వంతు.
విందు ఎక్కడ అన్నాను.
"బయట," అంది తల తిప్పకుండా, "మెట్ల మీద."