దయచేసి వినండి

చర్చి వెనక, చిన్నపిల్లల కుర్చీల్లో
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా
పదిహేడుమందిమి పెద్దవాళ్ళం.
కిటికీ అవతల పో నది పొగమంచు.
నివెస్ చెబుతోంది:
పోలీసు చంకల్లో చేతులేసినప్పుడు
గింజుకోవద్దు, బిగుసుకోవద్దు.
బిగుసుకున్న మనిషిని దుంగలా ఎత్తేస్తారు.
వదిలేసిన ఒళ్ళు తడిసిన గోనె బస్తా.

ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో
రోగుల్ని ఒక మంచం మీంచి ఇంకో మంచానికి మార్చిన చేతులు ఆమెవి.
"చచ్చిపోయినవాళ్ళేనా అందరికన్నా బరువు?"
కాలేజీ కుర్రాడెవరో అడిగాడు.
"కాదు. నిద్రపోయినవాళ్ళు.
మోసేవాడు పడేయడని నమ్మినవాళ్ళు."

నేల మీద పడుకున్నాను.
రోజూ పిండి మూటలెత్తే సవేరియో
నన్నెత్తబోయి, ఆయాసపడి, నవ్వేశాడు.
యాభై ఎనిమిదేళ్ళ నా జీవితంలో
నా బరువుకి చప్పట్లు పడింది ఆ ఒక్కరోజే.

తర్వాత రెండు గంటలు కీచులాట.
సిగ్నల్ తీగ కోసేద్దామన్నాడు తుల్లియో.
ఎదురుగా ఇంకో రైలొస్తే? అన్నాం.
వాడు అలిగి బయట సిగరెట్టు కాల్చుకొచ్చి
తీగ వద్దని తనే చెయ్యెత్తాడు.
లాయరు నంబరు మోచేతి మీద రాసుకోవాలి, కాగితం మీద కాదు.
ఉబ్బసం ఉన్నవాళ్ళు పట్టాల మీద వద్దు, ఫ్లాస్కుల దగ్గర.
నివెస్ కుక్కకి అన్నం ఎవరు పెడతారు?
పట్టాల మీదికి దిగే ముందే స్టేషనుకి ఫోను చేసి చెప్పాలి,
డ్రైవరు నెమ్మదించేంత ముందు.
జెండాల మాట ఎటూ తేలలేదు.

ఇక నా సంగతి.
ఇరవై ఆరేళ్ళుగా విచారణ కౌంటరు నాది.
అద్దానికున్న కంతలోంచి ఎవరడిగినా
రైలు టైము చెప్పడమే నా ఉద్యోగం.
నంబరు లేని గూడ్సు,
టార్పాలిన్ల కింద ట్యాంకులు, ఓడరేవు దాకా.
మంగళవారం రాత్రి పదకొండూ నలభై.
అడిగారు. చెప్పాను.

పట్టాలు చల్లగా లేవు, కరిచాయి.
వెలుగు కన్నా ముందు
ఇనుములోంచి వచ్చింది చప్పుడు,
తొడల్లోకి, పళ్ళలోకి.
లేచి పరిగెత్తకుండా నన్ను ఆపింది ధైర్యం కాదు,
పక్కన సవేరియో నా కోటు అంచు మీద కూర్చున్నాడు.

ఆగింది.
డ్రైవరు దిగాడు, మమ్మల్ని లెక్కపెట్టాడు,
మెట్టు మీద కూర్చుని రొట్టె విప్పుకున్నాడు.
మా ఫ్లాస్కు కాఫీ వద్దనలేదు.

పోలీసులు వచ్చేసరికి ఒకటిన్నర.
నా వంతుకి వచ్చినవాడికి
చేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది,
దక్షిణాది యాస.
"సిన్యోరా, లేవండి, నా నడుము ఇప్పటికే పోయింది."
జాలేసింది. అయినా
నివెస్ చెప్పినట్టు
ముందు మెడ వదిలాను, తర్వాత భుజాలు,
ఆఖరికి, ఎప్పుడూ వదలని, దవడ.
వాడు పడేయడని ఎందుకు నమ్మానో నాకు తెలీదు.
గట్టు దిగువ మంచు గడ్డి మీద దించాడు.
ఊడిన చెప్పు వెతికి తెచ్చి
ఎడమ కాలిదాన్ని కుడి కాలికి తొడిగాడు.

తెల్లారేలోపు గూడ్సు వెళ్ళిపోయింది.
వచ్చే నెలకల్లా యుద్ధమూ మొదలైంది.
తుల్లియో ఆ రాత్రి రేడియోని తన్నాడు,
కాలి వేలు విరిగింది. అదొక్కటే మాలో ఎవరికైనా తగిలిన దెబ్బ.

విచారణ కౌంటరు దానికే విచారణ.
ఎంత ఆలస్యం చేశారో తెలుసా, అన్నాడు పెద్దాయన.
తెలుసు, నాలుగు గంటల పది నిమిషాలు.
బోర్డు మీద వేయలేదు మీరు.
ఆలస్యాలు ప్రకటించడమూ నా ఉద్యోగమే గనక
కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకుని
మైకు లేకుండానే మొదలుపెట్టాను:

దయచేసి వినండి.
యుద్ధానికి వెళ్ళవలసిన గూడ్సు బండి
నాలుగు గంటల పది నిమిషాలు
ఆలస్యముగా నడచుచున్నది.

తర్వాతి వాక్యం
అసౌకర్యానికి చింతిస్తున్నామని ఉండాలి, రూలు ప్రకారం.
ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి
అది నోటికి రాలేదు.