తొంభై తొమ్మిది తలుపులు

రౌమాలో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
వీధి దీపాలు వెలిగాయి.
రైలి వంటింటి బల్ల దగ్గర కూచుని
డిస్కు తుడుస్తోంది, కళ్ళజోడు గుడ్డతో,
నడిమి నుంచి అంచుకి.
గుండ్రంగా తుడవకూడదు.
అద్దెకి తీసుకెళ్ళే వాళ్ళకి పద్నాలుగేళ్ళు చెప్పింది.
ఒక్కరూ వినలేదు.

కొట్టు మూసేసిన రోజు
అరల్లో మిగిలినవన్నీ తనే కొనేసుకుంది.
ఆరువందల పన్నెండు. రసీదు ఇంకా ఉంది.
కింది గదిలో, లింగన్‌బెర్రీ జామ్ సీసాల పక్కన
వరసగా నిలబెట్టింది.
జామ్ చెడలేదు.
డిస్కుల అంచులకే
తేనెరంగు మచ్చలు లేస్తున్నాయి.

అందుకని ఈ ముసలి లాప్‌టాప్,
ఇటుకంత హార్డ్ డిస్కు.
పెట్టగానే డ్రైవు గుర్రుమంటుంది,
రాయి పడ్డ తిరగలిలా
రెండు చుట్లు తడబడి ఆగిపోతుంది.
తాళం.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఈ పెట్టె పట్టేస్తుంది,
దొంగతనమే లేని ఇంట్లో.
"డబ్బు కట్టాను నీకు," అంటుంది రైలి
దానితో, మర్యాదగానే.
చట్టం ఏమంటుందో ఆమెకి తెలుసు.
మచ్చలు చట్టం చదవవు.

తమ్ముడి కూతురు పిన్యా ఎక్కించిపెట్టిన ప్రోగ్రాం
మామూలు తాళాలన్నీ తీసేస్తోంది.
ఇదొక్కటే లొంగలేదు:
లోపల ఒక సినిమా కాదు, తొంభై తొమ్మిది.
అన్నీ గంటా ముప్పై ఒక్క నిమిషాలే.
అన్నీ అవే దృశ్యాలు, పేకముక్కల్లా కలిపేసినవి.
ఏది అసలుదో ప్రోగ్రాంకి తెలియదు.
పిన్యాకీ తెలియదు. "వదిలెయ్ అత్తా," అంది ఫోన్లో.

రైలి కాఫీ పెట్టుకుంది.
మొదటిది తెరిచింది. కొనకముందే గుర్రాన్ని అమ్మేశారు.
ఎనిమిదోదాంట్లో వాన కురవకముందే వెలిసింది.
ఇరవై రెండులో చచ్చిపోయిన ముసలాడు
తాపీగా వచ్చి సూప్ అడిగాడు.
ఆమెకి నవ్వొచ్చింది. కాసేపు అక్కడే చూసింది,
అతనికి సూప్ దొరికేదాకా.

కొట్లో జనం లేని మంగళవారాల్లో
ఎన్నిసార్లు వేసిందో ఈ సినిమా!
కౌంటరు వెనక లెక్కలు రాసుకుంటూ,
తలెత్తకుండా, చెవులతోనే.
గుర్రపుశాల తలుపు కిర్రుమనాలి.
తరవాత బల్ల తుడిచే చెయ్యి.
ఆ తరవాతే వాన.

యాభై ఏడు.

కిర్రు. చెయ్యి. వాన.
వాన మధ్యలో బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది:
ఓస్సి పెట్టిన గీత, రెండువేల ఏడులో.
ఆలస్య రుసుము కూడా ఎగ్గొట్టాడు.

ఇంత తాళం వేసినవాడు
తాళంచెవి ఎక్కడ పెడుతున్నాడో
చూసుకున్నట్టు లేదు.

రాత్రి పదింటికి నకలు పూర్తయింది.
సరిచూద్దామని మొదటి నుంచి వేసింది.
నల్ల తెర. తెల్ల అక్షరాలు.
కాపీ చేయుట నేరము.
అదీ అచ్చుగుద్దినట్టు వచ్చేసింది.
తీసెయ్యొచ్చు, ఒక్క మీట.
రైలి ఎప్పటిలాగే
అది అయిపోయేలోగా వంటింట్లోకెళ్ళి
యాలకుల బన్ను ఒకటి తెచ్చుకుంది.