ఐదో పీట

మణికట్టులో ఎనిమిది ఎముకలు.
మూడు వారాలుగా నాకు ఏడే వస్తున్నాయి,
రాని ఆ ఒక్కటీ రోజుకొకటి.

హాస్టల్లో అందరి దగ్గరా ఒక ఇంగ్లీషు వాక్యం ఉంది,
మాటకొక మొదటి అక్షరం, అక్షరానికొక ఎముక.
ఎవరో అందగత్తె, ఆమె వెనకాల ఎవరో పడటం.
అక్షరాలు వచ్చాయి, ఎముకలు రాలేదు,
తాళంచెవులు దొరికి
ఇల్లెక్కడో తెలియనట్టు.

వందసార్లు రాశాను.
చెయ్యి నేర్చుకుంది, నేను నేర్చుకోలేదు.

ట్యూటర్ మేడమ్ అంది: ఊహలో ఒక మేడ కట్టు,
గదికొక మాట దాచు,
పరీక్షలో తలుపులు తీసుకుంటూ వెళ్లు.
మేడ.
కాశీబుగ్గలో మాది ఒకటే గది, మేడమ్,
తలుపు తీస్తే అందరం కనిపిస్తాం.

ఆదివారాలు పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తాను,
ఫీజు కోసం, కిలోకింతని పొట్టు తీసే పని.
ఆవేళ బోర్మాలోంచి వేడి ట్రేలు దించుతుంటే
తలెత్తి చూశాను:
ఎదురెదురుగా రెండు వరసలు, నాలుగూ నాలుగూ పీటలు.
కిటికీ వైపు బొటనవేలు అనుకుంటే
ఇది చెయ్యే.
మొదటి వరస వెనక, గోడవార,
ముంజేయి ఉండాల్సిన చోట నేను.

కిటికీ పక్కన ఎల్లమ్మి, భావనపాడు మనిషి,
మొగుడు వేటకెళ్లే పడవే స్కాఫాయిడ్.
పోలమ్మ వేళ్లమధ్య వంకర పప్పు,
లూనేట్, నెలవంక, దీనికి శ్రమే లేదు.
మూడు వీధుల్లో అప్పున్న దాలమ్మ మూడు మూలల ట్రైక్వెట్రల్,
బఠానీ గింజంత రాజులమ్మ పిసిఫార్మ్.
మళ్లీ కిటికీ దగ్గరికి. ఐదో పీట, తవిటమ్మ.
బొటనవేలు ఆనుకుని తిరిగే ఎముక ట్రపీజియం.
తవిటమ్మ బొటనవేలు ఒక్క దొర్లింపు దొర్లిస్తే
పొట్టు పక్కకి, గుండు గుండుగానే ట్రేలోకి,
బద్ద అవనిచ్చేది కాదు.
ఆ పక్కన ఆమె తోటికోడలు,
పేరులోనూ తోటికోడలే, ట్రపిజాయిడ్.
నడిమధ్య అందరికన్నా పెద్ద ఒళ్లు, క్యాపిటేట్.
చివర, గొడుగు కొక్కెం మోచేతికి తగిలించుకున్న సూరమ్మ, హామేట్.

"ఏటే గుంటా, మమ్మల్ని లెక్కెడతన్నావు?"
"ఎముకలమ్మా."
"మాకాడ మిగిలినవి అయ్యే, లెక్కెట్టుకో."

ఆ రాత్రి పుస్తకం మూసి నన్ను నేనే అడిగాను.
మర్నాడు బస్సులో.
తర్వాత కావాలనే వదిలేసి,
మరుపు అంచుదాకా వచ్చాక మళ్లీ.
పప్పూ అంతే, ఆరాలి, చల్లారాలి,
తొందరపెడితే విరుగుతుంది.

అన్నిటికీ ఇదే పనికిరాదు.
మందుల మోతాదులు పీటల మీద కూర్చోవు,
వాటిని గ్రేడు డబ్బాల పక్కన పెట్టాను,
నూట ఎనభై, రెండొందల నలభై, మూడొందల ఇరవై.
గుండె గదులు బొమ్మ గీస్తేనే వస్తాయి.
రక్తపరీక్ష అంకెలు మాత్రం దేనికీ లొంగలేదు,
క్రియాటినిన్ ఎంతుండాలో
ప్రతిసారీ పేజీ తిప్పాల్సిందే.

పుష్యమాసంలో ఐదో పీట ఖాళీ.
"ఒల్లు బాగోలేదు," అంది తోటికోడలు,
పప్పు మీంచి చూపు తీయకుండా.
ఇరవయ్యేళ్లు పిక్క కొట్టిన చేతులు,
జీడినూనె గీతలన్నీ తినేసింది.
రేషన్ యంత్రం తవిటమ్మని ఏనాడూ గుర్తుపట్టలేదు.
ఇప్పుడు డయాలసిస్ యంత్రం
వారానికి రెండుసార్లు గుర్తుపడుతోంది.
చూడ్డానికి వెళ్తే కాగితం చేతికిచ్చింది.
"సదువుకున్నదానివి, సెప్పు."
ఆరు పాయింట్ ఎనిమిది.
దానికి ఏ చిట్కా కావలసి రాలేదు.

పరీక్షలో మణికట్టే అడిగారు.
కిటికీ దగ్గర మొదలుపెట్టి వరసగా నడిచాను.
ఐదో పీట దగ్గర ఎవరూ లేరు.
అయినా పెన్ను ఆగలేదు,
మిగతా ఏడింటికన్నా ముందే ఆ పేరు
అక్కడ కూర్చుని ఉంది.

ఇప్పుడా పీట మీద టెక్కలి నుంచి కొత్తపిల్ల,
బద్దలు ఎక్కువ చేస్తోంది.
మొన్న పరధ్యానంగా ట్రే అందిస్తూ
ట్రపీజియం, అన్నాను.
పిల్ల తలెత్తలేదు.
తోటికోడలు ఎత్తింది.