పదిహేడో నంబరు గూడు

ప్రపంచకప్పు మా ఊరికొచ్చిన ఏడాది
మునిసిపాలిటీ వాళ్లు స్నానశాలకొక అట్టపెట్టె పంపారు.
లోపల ఒంటిరంగు పట్టీలు,
ఒక్కోటి పోస్టుకార్డంత.
వచ్చేవాళ్ల పచ్చబొట్ల మీద అవి అతికించాకే
వేడినీళ్లలోకి దించాలట.

గుమ్మం పక్కన బోర్డు నా పెళ్లికన్నా పాతది.
"పచ్చబొట్లున్నవారికి ప్రవేశం లేదు."
మామగారి చేతిరాత.
యాభై ఏళ్లుగా తుడుస్తున్నాను గానీ
చదవడం ఎప్పుడో మానేశాను.

మ్యాచ్ ముందురోజు, వానలో,
సమోవా నుంచి ఒకాయన వచ్చాడు.
తలుపు చట్రం తగలకుండా వంగి
వంగినవాడు వంగినట్టే నాకు నమస్కరించాడు.
మేనల్లుడు జట్టులో ఉన్నాడట, స్క్రమ్ములో ముందు వరస.
పేరు ఫాలేఆఫా. నా నోట్లో అది
ఉడుకు చిలగడదుంప ముక్కలా అటూ ఇటూ దొర్లింది.
ఫుమియే అన్న నా పేరు మాత్రం
ఆయన ఒక్కసారికే పట్టేశాడు.

చెప్పులు గూట్లో పట్టలేదు.
అవన్నీ మా ఊరి పాదాల కొలతకు చేసినవి.
పదిహేడుకి మాత్రం తలుపు లేదు.
అందులో పెడితే మడమలు బయటికి చూస్తూ నిలిచాయి.

చొక్కా విప్పాడు. ఛాతీ ఖాళీ.
హమ్మయ్య అనుకునేలోపు
లుంగీ అంచు మోకాలి పైకెత్తి తనే చూపించాడు.
మోకాలి నుంచి నడుందాకా నల్లని అల్లిక.
చాప నేసినట్టు, పడవ పక్కటెముకలు పేర్చినట్టు,
పెద్ద గబ్బిలమేదో రెక్కలు ముడిచి
తొడలను వాటేసుకున్నట్టు.
ఫోను తడబడుతూ అనువదించింది:
పన్నెండు రోజులు పంది కోర దువ్వెనతో కొట్టారు,
మధ్యలో లేచిపోతే ఇంటిల్లిపాదికీ మచ్చ,
అన్నలు చర్మం లాగి పట్టుకున్నారు,
ఆడవాళ్లు పక్కన కూర్చుని పాడారు.

నా దగ్గర పట్టీలు నలభై.
లెక్కేశాను. ఎడమ తొడకే చాలవు.
నాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వాడు,
ఆ నవ్వు మధ్యలో నాకు నోరు ఎండిపోయింది.

మా తమ్ముడు షోజి వీపు మీద ఎర్రచేప ఉండేది,
జలపాతానికి ఎదురెక్కుతున్నది.
ఏ రేవులో ఎవడి పంచన చేరి వేయించుకున్నాడో.
ఇరవై రెండేళ్లు వాడికి. మంచు పడుతున్న రాత్రి వచ్చి
"అక్కా, కాసేపు నీళ్లలో కూర్చుని పోతా" అన్నాడు.
లోపల మామగారున్నారు.
నేను నోరు మెదపలేదు. వేలితో బోర్డు చూపించాను.
వాడికి చదువొచ్చు.
చెప్పులు తీసుకుంటూ
పదిహేడో గూటి తలుపు విసిరికొట్టాడు, ఊడొచ్చింది.
ఆ చేప మా నీళ్లు చూడనేలేదు.
తర్వాత మేమూ వాణ్ణి చూడలేదు.

అడ్డగోడ మీదుగా కేకేసి
తొట్టిలో ఉన్న ముసలాళ్లని అడిగాను.
చేపల బజారు గెన్‌పాచి అన్నాడు:
"రేపు మన కుర్రాళ్లని తొక్కేవాడి మేనమామేగా,
రానీ, మెత్తబడేదాకా ఉడకబెడదాం."

ఆయన దిగాడు.
నీళ్లు గట్టు దాటి పొర్లి
చెక్క గిన్నెలన్నీ తేలుకుంటూ గడపదాకా వచ్చాయి.

మరునాడు వాళ్లు ఓడిపోయారు.
సాయంత్రం మేనల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.
నలిగిన చెవులు, కమిలిన కన్ను, ఇరవై రెండేళ్లట.
ఒంటిమీద ఇంకా ఏ గీతా లేదు.
వచ్చే ఏడు వేయించుకోవాలని చెప్పి
మామ వైపు బెదురుగా చూశాడు.
భయమేస్తే పక్కన ఎవరుంటారని అడిగాను.
ఫోను ఒక్క మాటే పలికింది:
"అందరూ."
గెన్‌పాచి ఏమీ అనకుండా
ఆ కుర్రాడి వీపు మీద రెండు గిన్నెల నీళ్లు పోశాడు.

అట్టపెట్టె ఇంకా విప్పకుండానే ఉంది.
బోర్డు తీయలేదు, పెద్దాయన రాసింది.
చీకటి పడగానే దానిమీద తడి తువ్వాలు ఆరేస్తాను,
ఆ మూలకి గాలి తగలదు, తెల్లారినా ఆరదు.

మొన్న వడ్రంగి వచ్చి
పదిహేడుకి తలుపు పెట్టిస్తావా అన్నాడు.
వద్దన్నాను.
ఎవరి కాళ్లు ఎంతుంటాయో మనకేం తెలుసు.