ఎవడు చేశాడీ పని?

నా వ్యాను పక్కన ఇంకా జర్మన్ అక్షరాలున్నాయి:
ఏదో ఊళ్ళో ఏదో రొట్టెల దుకాణం, ఫోను నంబరు.
ఇరవై రెండేళ్ళుగా ఆ దుకాణాన్ని
కుటయిసీ వీధుల్లో తిప్పుతున్నాను
ఒక్క రొట్టె అమ్మకుండా.
నేను మోసేది తేనెటీగల్ని.

దీని రిపేర్లకి లారీలకు లారీలు పోశాను.
నవ్వకండి, మా జార్జియాలో డబ్బు పేరే లారీ.
వ్యానులో లారీ పట్టదంటారు గానీ
ఇది ఎన్నయినా మింగుతుంది.

షెడ్డు ఏదైనా, బానెట్ ఎత్తగానే మొదటి మాట ఒకటే:
"ఎవడు చేశాడీ పని?"
గోచా చేసింది చూసి బాద్రి అంటాడు
బాద్రి చేసింది చూసి జుంబెర్ అంటాడు
జుంబెర్ చేసింది చూసి మళ్ళీ గోచా.
ముందువాణ్ణి తిట్టందే నట్టు వదులవదు కాబోలు.

ఒక ఏడాది, మూడో గేరులో పడితే చాలు ఈల వేసేది.
షెడ్డు గేటు దాటగానే
బడి ఎగ్గొట్టినవాడి కడుపునొప్పిలా మాయం.
గోచా ఊరంతా తిప్పి, "ఏదమ్మా శబ్దం?" అన్నాడు.
నేనే నోటితో వేసి చూపించాను, యాభై మూడేళ్ళదాన్ని.
మర్నాటి నుంచి నేను కనబడితే
షెడ్డులో కుర్రాళ్ళందరికీ మూడో గేరే.

బాద్రి "మంగళవారం" అంటాడు.
ఏ మంగళవారమో చెప్పడు.
వాడి గోడ మీద క్యాలెండరు కూడా పోయినేడాదిది.

జుంబెర్ మాత్రం కుండబద్దలు కొట్టాడు:
"తుక్కుకి వేసెయ్ లమారా, ఇనుముకి మంచి ధరుంది."
ఆ ఏడు వాడికి తేనె ఇవ్వలేదు.

అందుకే పద్దుపుస్తకం పెట్టాను.
తేదీ, పేరు, ఏం చేశాడు, ఎంత తీసుకున్నాడు,
ఏమని ఒట్టేశాడు.
ఆఖరి గడికి ఎప్పుడూ చోటు చాలదు.

మొన్న జూన్ రాత్రి,
కింద అకేసియా పూత రాలిపోయాక
ఇరవై పెట్టెలు ఎక్కించుకుని కొండదారి పట్టాను.
తెల్లారేలోగా పైకి చేర్చాలి,
ఎండెక్కితే పెట్టెల్లో ఈగలు ఉడికిపోతాయి.
త్కిబులి దాటాక మలుపులో
ముందు ఆవిరి, తర్వాత వాసన, తర్వాత ఏమీ లేదు.

నుగ్జార్‌ని నిద్ర లేపాను.
డెబ్బై దాటినవాడు, పైజమా మీద కోటు వేసుకుని వచ్చాడు.
ఇంజను మీదికి వంగి చెవి పెట్టాడు.
"ఈ రొద ఏమిటి?"
"అది ఈగలది."
"మరి ఇంజనుదేది?"
"ఇంజను ఆగిపోయింది కదా నుగ్జార్."
తల ఊపాడు, చాలా పెద్ద రోగం కనిపెట్టినవాడిలా.

టార్చి నేను పట్టుకున్నాను.
నీళ్ళ గొట్టానికి చుట్టిన రాగితీగ తళుక్కుమంది.
"ఎవడు చేశాడీ పని?
రాగితీగతో కట్టు కట్టిన దౌర్భాగ్యుడెవడు?"

తిట్టు ఆగేలా లేదు.
పుస్తకం వెనక్కి తిప్పాను, ఒంటి చేత్తో.
రెండువేల పదకొండు, అక్టోబరు. నుగ్జార్, త్కిబులి.
రాగితీగ, తాత్కాలికం. ఏడు లారీలు.
"చలికాలం దాకా ఆగుతుంది, మా అమ్మ మీద ఒట్టు."

పద్నాలుగు చలికాలాలు.
పుస్తకం మూసేశాను.

ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, వేళ్ళు మాత్రం
ఎడమచేతివాటంగా, చూపు అక్కర్లేకుండా
ఆ ముడిని విప్పుకుంటూ పోయాయి.
సగంలో గొణుగుడు ఆగింది.
ఈగల రొద ఒక్కటే.

"ఎంత తీసుకున్నాడు?"
"ఏడు లారీలు."
"ఎక్కువ తీసుకున్నాడు," అన్నాడు
తీగని జేబులో వేసుకుంటూ.

కొత్త గొట్టం లేదు, ట్రాక్టరుది కోసి తొడిగాడు.
డబ్బు పుచ్చుకోలేదు, ఒట్టూ వేయలేదు.
ఆ రాత్రి పద్దులో
పేరు రాసి, మిగతా గడులు ఖాళీగా వదిలాను.

నకెరాలా కనుమ ఎక్కేసరికి తూరుపు తెల్లబడుతోంది.
మూడో గేరు వేశాను.
మళ్ళీ ఈల.