ఒకే కిటికీ

మూడు శనివారాలు వరసగా చచ్చాం.
మొదటిసారి వంతెన మీద, రెండోసారి మెట్ల మీద,
మూడోసారి తలుపు తీసిన రెండు నిమిషాలకే.

నోయెల్ తన గొడ్డలి వీరుణ్ణి
గుడ్డెద్దు చేలో పడ్డట్టు తోలేశాడు.
ఇళంగో ఉన్న మంత్రాలన్నీ
ఒక్క రాతిగుర్రం మీద గుమ్మరించాడు.
నేను వైద్యురాలిని,
గీత పడ్డ ప్రతివాడికీ పరిగెత్తి తైలం పూశాను.
రెక్కల రాణి సింహాసనం దిగనే లేదు.
ఆమె కాపలా కుక్కలే మమ్మల్ని నమిలేశాయి.

ఇవాళ పెరంబూరు సబ్‌వేలో మోకాలి లోతు నీళ్లు.
ప్రసూనాంబ గారు కుచ్చిళ్లు దోపుకుని
చెప్పులు చేతబట్టుకుని
నోయెల్ వాళ్ల మూడంతస్తులూ ఎక్కి వచ్చారు.
సంచిలో మురుకులు, తడవని నోటుబుక్కు ఒకటి.
ముప్పై నాలుగేళ్లు సెంట్రల్ స్టేషన్‌లో
టికెట్ కిటికీ వెనక కూర్చున్న మనిషి.
పాచికల్ని ఇప్పటికీ చిల్లర లెక్కపెట్టినట్టే విదిలిస్తారు.
మాలో డాలు పట్టేది ఆవిడే.
ఆవిడ బొమ్మ ఎక్కడో పోయింది గనక
ఆ చోట హార్లిక్స్ మూత నిలబడుతుంది.

"అందరూ ఒకేసారి మీద పడితే ఎవరైనా చస్తారు.
వేసవి సెలవుల్లో, బెజవాడ బండికి
నా ముందు రెండువేల మంది ఉండేవాళ్లు.
రెండువేల మందికి నేనెప్పుడూ టికెట్ కొట్టలేదు నాయనా.
ఒకడికి కొట్టాను.
తర్వాత ఇంకొకడికి."

మూతను తీసి ఇరుకు గుమ్మంలో పెట్టారు.
సరిగ్గా ఒక్క గడి వెడల్పు.

"నోయెల్, నా ఎడమ భుజం వెనక ఉండు.
నేను కొట్టినవాణ్ణే కొట్టు, కొత్తవాడి జోలికి పోకు.
సగం చచ్చిన నలుగురు నలుగురి కిందే లెక్క.
ఇళంగో, వెనక తోపులాట మొదలయ్యాక గానీ నోరు విప్పకు."
నా వైపు తిరిగారు.
"అమ్మాయ్, నా రక్తం చూసి కంగారు పడకు.
చెప్తాను.
చెప్పేదాకా చేతులు కట్టుకో."

ఇది అన్నిటికంటే కష్టమైన యుద్ధవిద్య.

ముప్పై ఒకటి. ఇరవై రెండు.
నోటుబుక్కులో ఆవిడ ప్రాణాన్ని
ఆవిడే పెన్సిలుతో కొట్టేసుకుంటున్నారు.
కుక్క తర్వాత కుక్క, గుమ్మంలో కుప్ప.
పద్నాలుగు.
గుంపు వెనక కిక్కిరిసింది,
మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గానీ
ఇళంగో మంత్రానికి ఆరు రాతిగుర్రాలు రాలాయి.
కరెంటు పోయింది. ఫోను వెలుగులో
రాణి నీడ గోడంతా లేచింది.
తొమ్మిది.
నా గుప్పిట్లో తైలం సీసా.
నిజానికి అదొక నీలం గోలీ,
చెమటకి జారిపోతోంది.
నాలుగు.
నేను నోరు తెరిచాను. మూసుకున్నాను.

"కౌంటర్ క్లోజ్," అన్నారావిడ.

మూత వెనక్కి జరిగింది.
ఒక గడి, ఇంకొకటి, నడవా చివరిదాకా.
పారిపోతున్నామనుకుని రాణి ఒంటరిగా వెంటపడింది.
ఆ నడవాలో రెక్క విప్పే చోటు లేదని
గీసిన ఇళంగో కూడా మర్చిపోయాడు.

"ఇప్పుడు పొయ్యి."
పోశాను. మొత్తం, ఒక్క చుక్క మిగల్చకుండా.
నోయెల్ పాచిక మంచం కిందకి దొర్లింది.
నలుగురం బోర్లా పడి చూశాం.
పంతొమ్మిది.

ఎవరూ కేకలెయ్యలేదు, కింద పసిపాప నిద్రపోతోంది.
నోయెల్ మాత్రం మురుకుల డబ్బాని ముద్దుపెట్టుకున్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు సబ్‌వేలో
నీళ్లు ఇంకో జానెడు పెరిగాయి.
చెప్పులు చేతబట్టుకుని ఆవిడ ముందు దిగారు.
నేను ఎడమ భుజం వెనక,
ఒక గడి దూరంలో.
మధ్యలో ఒకసారి తూలారు.
నా చెయ్యి లేచింది, గాల్లోనే ఆగింది.
ఆవిడ ఇంకా చెప్పలేదు.